వీధిలో ఆట, దేవుని కొలనూలు

వాక్యభాగం: జెకర్యా 2:1-5, 8:1-8



నేను పాస్టర్‌ను కాను. కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసి, డాలస్ శివార్లలో ఉద్యోగం చేసుకుంటున్న మీలాంటి వాడినే. నా పనంతా కొలవడమే. ఒక సిస్టమ్ ఎంత వేగంగా జవాబిస్తోంది, రోజులో ఎన్నిసార్లు ఆగిపోయింది, ఎంతమంది వాడుతున్నారు, ఇవన్నీ లెక్కకట్టి డ్యాష్‌బోర్డ్ మీద చూపించాలి. ఆఫీసు అలవాటు ఇంటికీ వస్తుంది కదా. నాకూ వచ్చింది.

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వాడి వారానికి నేనొక స్ప్రెడ్‌షీట్ తయారుచేశాను. మ్యాథ్స్ క్లాసు నీలం, స్విమ్మింగ్ ఆకుపచ్చ, కీబోర్డు పసుపు, స్పెల్లింగ్ బీ నారింజ, బైబిల్ క్విజ్ ఎరుపు. ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. గత వేసవిలో ఒక సాయంత్రం వాడు దాని ముందు నిలబడి చాలాసేపు చూసి అడిగాడు: "డాడీ, ఇందులో ఆడుకోవడం ఏ రంగు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారు. మర్నాడు షీట్ తెరిచి, మంగళ, గురువారాల్లో ఐదున్నర నుంచి ఆరుంబావు దాకా ఊదారంగు వేసి "ఫ్రీ ప్లే" అని రాశాను. అప్పుడు మా అమ్మ బాపట్ల దగ్గరి మా ఊరి నుంచి వచ్చి మాతో ఉంది. అది చూసి, "ఆకలి ఎప్పుడెయ్యాలో కూడా రాసిపెట్టావా నాన్నా?" అంది.

ఆ మాట నాలో చాలా రోజులు తిరిగింది. అదే నన్ను జెకర్యా గ్రంథం దగ్గరికి తీసుకెళ్లింది. ఈ నెల ఆ రెండు అధ్యాయాలను మీతో కలిసి ధ్యానించాలని ఆశపడుతున్నాను.

1. కొలనూలు పట్టుకున్న యౌవనుడు

అది యూదులు బబులోను చెర నుంచి తిరిగివచ్చిన కాలం. క్రీ.పూ. 538 ప్రాంతంలో మొదటి గుంపు యెరూషలేముకు చేరింది. దాదాపు 20 ఏళ్లు గడిచినా ఆలయం పూర్తికాలేదు, ప్రాకారాలు కూలినవి కూలినట్టే ఉన్నాయి. పరాయి దేశంలో పుట్టి పెరిగిన తరం ఒకటి, పాత వైభవాన్ని తలచుకుని ఏడ్చే వృద్ధుల తరం ఒకటి, ఈ ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నారు. మన సహవాసాల్లాగే అనిపించడం లేదూ?

దర్యావేషు ఏలుబడి రెండవ సంవత్సరంలో జెకర్యాకు ఒక దర్శనం కలిగింది. కొలనూలు చేతపట్టుకుని ఒకడు వెళ్తున్నాడు. ఎక్కడికని ప్రవక్త అడిగితే, యెరూషలేము పొడవెంతో వెడల్పెంతో కొలవడానికని చెప్పాడు. ఇంతలో ఒక దూత ఇంకొక దూతతో, పరుగెత్తి వెళ్లి ఆ యౌవనుడితో ఈ సంగతి చెప్పమన్నాడు: మనుషులు, పశువులు విస్తారంగా ఉన్నందున ఆ పట్టణం గోడలు లేని ఊళ్లలా ఉంటుంది, యెహోవాయే దాని చుట్టూ అగ్నిప్రాకారంగా ఉంటాడు.

గమనించండి, దేవుడు ఆ యౌవనుణ్ణి గద్దించలేదు. కొలవడం తప్పనలేదు. నీ తాడుకు అందనిది నేను చేయబోతున్నానని మాత్రమే తెలియజేశాడు. కొలతలతోనే బతికే నాకు ఆ యౌవనుడంటే ఎంతో అభిమానం. పాపం, తనకు తెలిసిన పనిని తనకు తెలిసిన సాధనంతో చేయడానికి బయలుదేరాడు.

2. దేవుడు చూపిన కొలత

మరి పట్టణం బాగుపడిందని ఎలా తెలుసుకోవాలి? ఎనిమిదవ అధ్యాయం 4, 5 వచనాలు మీ బైబిల్లో తెరచి చదవండి. సైన్యం ఎంతో అక్కడ లేదు. ఖజానాలో ఎంతుందో లేదు. గోడ ఎత్తు కూడా లేదు. రెండే గుర్తులున్నాయి. వయసు మళ్లి చేతికర్ర పట్టుకున్న వృద్ధులు, వృద్ధురాండ్రు వీధుల్లో కూర్చుంటారు. ఆ వీధులు ఆడుకునే మగపిల్లలతో, ఆడపిల్లలతో నిండిపోతాయి.

ఈ వాక్యం ఎన్నోసార్లు చదివాను, ఏదో అందమైన వర్ణన అనుకుని దాటిపోయాను. ఇప్పుడు చూస్తే, ఇంత నిక్కచ్చి పరీక్ష మా ఆఫీసులో ఎవరూ రాయలేరనిపిస్తోంది. ఒక పిల్ల వీధిలో నిర్భయంగా ఆడుకోవాలంటే ఎన్ని సవ్యంగా ఉండాలి? శత్రువు భయం ఉండకూడదు. ఇంట్లో తిండి ఉండాలి. పిల్లను పనికి పంపాల్సిన అవసరం ఉండకూడదు. ఎదురింటి వాళ్ల మీద తల్లికి నమ్మకం ఉండాలి. పడితే లేవనెత్తేవారు, తప్పు చేస్తే మందలించేవారు వీధిలో ఉండాలి. ముసలితనం వచ్చేదాకా మనుషులు బతకాలంటే యుద్ధం, కరువు, తెగులు ఆగాలి. వీటిలో ఏ ఒక్కటి చెడినా ఆ వీధి ఖాళీ అవుతుంది. అంతకుముందు యిర్మీయా 9:21లో జరిగింది అదే. మరణం కిటికీల గుండా ఎక్కి వచ్చి, వీధుల్లో పసిపిల్లలు లేకుండా చేసిందని ఆ ప్రవక్త విలపించాడు. అక్కడ ఖాళీ అయిన వీధినే దేవుడు జెకర్యా కాలంలో తిరిగి నింపుతానంటున్నాడు.

అంతే కాదు, ఆ పిల్లలున్నది ఆలయంలో పాఠం ముందు కాదు. పాఠం వద్దని వాక్యం చెప్పడం లేదు. కానీ ఈ గుర్తు కోసం దేవుడు ఎంచుకున్న చోటు వీధి, ఎంచుకున్న పని ఆట. మన ప్రభువు కూడా సంతవీధుల్లో పిల్లల ఆటను గమనించినవాడే. లూకా 7:32లో ఆయన చెప్పిన పోలిక అక్కడిదే: కొందరు పిల్లనగ్రోవి ఊదుతారు, కొందరు ప్రలాపిస్తారు, తోటివాళ్లు కలిసిరావడం లేదని అలుగుతారు. పెళ్లి ఆటా, చావు ఆటా, మధ్యలో పేచీ! దగ్గర నిలబడి చూస్తే తప్ప ఇవి తెలియవు.

3. ఈ దేశంలో కొలిచినవారు ఏం చూశారు?

వాక్యం తేటగానే ఉంది. అయినా దేవుడు మనుషులకిచ్చిన జ్ఞానంతో ఈ సంగతిని లెక్కపెట్టి చూసినవారు ఈ దేశంలోనే ఉన్నారు. వారి మాట కూడా విందాం.

అమెరికాలో 1969లో ఐదు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో 48 శాతం మంది నడిచో సైకిల్ మీదో బడికి వెళ్లేవారు. 2009 నాటికి అది 13 శాతానికి పడిపోయింది. అంటే తోవలో రాళ్లు తన్నుకుంటూ, తోటివారితో కబుర్లాడుతూ గడిచిన ఆ కాస్త సమయం కూడా కారు వెనక సీట్లోకి వెళ్లిపోయింది.

అదే 1969 ప్రాంతంలో బర్కిలీ ప్రొఫెసర్ డోనాల్డ్ యాపిల్‌యార్డ్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకే రకమైన ఇళ్లున్న మూడు వీధులను పరిశీలించాడు. ఒకదానిలో రోజుకు సుమారు 2,000 వాహనాలు తిరిగేవి, మరొకదానిలో 16,000. తక్కువ వాహనాలున్న వీధిలో పిల్లలు బయట ఆడుకునేవారు, పెద్దలు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునేవారు. అక్కడ ఒక్కో మనిషికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులుండేవారు. వాహనాల రద్దీ ఉన్న వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9 మంది. పిల్లలు ఆడుకోగలిగే వీధిలోనే పెద్దలకు పొరుగువారు దొరికారన్నమాట.

2018లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పిల్లల వైద్యులకు ఒక నివేదిక ఇచ్చింది. పుట్టిన మొదటి రెండేళ్లలో శిశువును చూపించడానికి తెచ్చినప్పుడు, మందుచీటీ రాసినట్టే ఆటను రాసివ్వమని సలహా ఇచ్చింది. బోస్టన్ కాలేజీ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గ్రే 2011లో రాసిన వ్యాసంలో, గత యాభై ఏళ్లలో పిల్లలకు స్వేచ్ఛగా ఆడుకునే అవకాశం తగ్గుతూ రాగా, వారిలో ఆందోళన, కుంగుబాటు పెరుగుతూ వచ్చాయని చూపించాడు. రెండు గీతలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేలిపోదు, అది నా వృత్తిలో మొదటి పాఠం. కానీ ఆ గీతల్ని చూసి ఏ తండ్రి నిశ్చింతగా నిద్రపోగలడు?

ర్యాండ్ సంస్థ పరిశోధకులు 25 నగరాల్లో 174 పార్కులను గమనించి, ఎవరు వస్తున్నారో ఏం చేస్తున్నారో తలలు లెక్కపెట్టారు. జనాభాలో సుమారు 20 శాతం ఉన్న వృద్ధులు పార్కుల్లో కనబడింది 4 శాతమే. జెకర్యా చూపిన బొమ్మలో సగం చెరిగిపోయిందని ఆ అంకె చెబుతోంది. మన ఇళ్లలో ఆ సగం ఎక్కడుందో మీకు తెలుసు. ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు కిటికీ దగ్గర కూర్చుని, గ్యారేజీ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎదురుచూస్తూ ఉన్నారు.

4. మా వీధిలో జరిగింది

మా అమ్మా అలాగే ఉండేది. వచ్చిన రెండో వారంలో అడిగింది: "ఇన్ని ఇళ్లున్నాయి, పిల్లలేరి నాన్నా?" ఉన్నారమ్మా, క్లాసుల్లో ఉన్నారు అన్నాను. ఒక సాయంత్రం ఎండ తగ్గాక ఆమె మడతకుర్చీ తీసుకెళ్లి డ్రైవ్‌వే చివర వేసుకుని కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. మూడో రోజుకు మావాడు ఆమె పక్కన చేరాడు. గ్యారేజీలో మిగిలిపోయిన చెక్కముక్కలు ఏడు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, టెన్నిస్ బంతితో ఏడుపెంకులాట నేర్పింది. సైకిల్ మీద పోతున్న పక్కింటి అబ్బాయి ఆగాడు. ఎదురింటి అక్కాచెల్లెళ్లు వచ్చారు. ఆమెకు ఇంగ్లీషు రాదు, వాళ్లకు తెలుగు రాదు. ఆటకు ఆ ఇబ్బంది లేకపోయింది.

నేను పైన మీటింగ్‌లో ఉన్నాను. కిందనుంచి పెద్దగా అరుపులు. బంతి తగిలిందని ఒకడు, తగల్లేదని ఇంకొకడు. మీటింగ్ మ్యూట్ చేసి గబగబా కిందికి దిగాను, తీర్పు చెప్పడానికి. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. వాళ్లే తేల్చుకుంటారు."

నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, అలా నిలబడటం నాకు చాలా కష్టమైంది. మావాడు కళ్లనీళ్లు పెట్టుకుని బయటికి వచ్చేశాడు. కాసేపటికి ఆ ఇద్దరు అక్కాచెల్లెళ్లలో పెద్దది వాడి దగ్గరికి వెళ్లి ఏదో చెప్పింది. ఆ వంతు మళ్లీ ఆడాలని వాళ్లలో వాళ్లే తీర్మానించుకున్నారు. ఆట సాగింది. క్షమించడం, తగ్గడం, తన వంతు వచ్చేదాకా ఓర్చుకోవడం, వీటి గురించి వాడికి నేను కంఠతా పట్టించిన వచనాలు చాలానే ఉన్నాయి. వాటిని వాడుకునే చోటు మాత్రం ఇవ్వలేదు.

చీకటి పడుతుండగా పక్కింటాయన కొడుకు కోసం వచ్చి పరిచయం చేసుకున్నాడు. నాలుగేళ్లుగా గోడ అవతల ఉన్న మనిషి పేరు నాకు ఆ రోజు తెలిసింది. నీ పొరుగువాని ప్రేమించు అన్న ఆజ్ఞను ఆ నాలుగేళ్లూ ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాను.

5. మన భయాలు

నాకు తెలుసు, మీలో కొందరు ఇప్పటికే తల అడ్డంగా ఊపుతున్నారు. మన భయాలు ఉత్తివి కావు, కాబట్టి వాటిని దాటవేయకుండా మాట్లాడుకుందాం.

మొదటిది పోటీ. మనకు ఇక్కడ మేనమామలు లేరు, పొలాలు లేవు. వీసా కాగితం మీద నడిచే బతుకు. చదువు తప్ప పిల్లల చేతిలో ఏం పెట్టగలం? ఈ బాధ నాది కూడా. మా నాన్న కట్టిన ఫీజు, పెట్టిన క్రమశిక్షణే నన్ను ఇక్కడికి చేర్చాయి. దాన్ని నేను తక్కువ చేయను. కానీ నిర్గమకాండము 20:10 మళ్లీ చదవండి. విశ్రాంతిదినాన పని చేయకూడని వారి జాబితాలో ఇంటి యజమాని తర్వాత దేవుడు వెంటనే పేర్కొన్నది కొడుకును, కూతురిని. పిల్లల మీద కూడా పని భారం పడుతుందని, దానికి ఒక హద్దు ఉండాలని ఆయనకు ముందే తెలుసు. ఆ హద్దును నేను మా ఇంట్లో చెరిపేశాను, అదీ బైబిల్ క్విజ్ పేరుతో సహా.

రెండవది భద్రత. వాహనాలున్నాయి, ఈత కొలనులున్నాయి, కొత్త మనుషులున్నారు. ఎవరైనా పోలీసులకు ఫోన్ చేస్తే అన్న భయం మనలాంటి వారికి మరీ ఎక్కువ. ఈ విషయంలో చట్టాలు కొంత మారాయి. వయసుకు, పరిణతికి తగినట్టు పిల్లలు పెద్దలు లేకుండా ఆడుకోవడాన్నో నడిచివెళ్లడాన్నో నిర్లక్ష్యంగా పరిగణించకూడదని 2018లో యూటా రాష్ట్రం మొదటగా చట్టం చేసింది. 2021లో మా టెక్సస్ కూడా ఆ దారిలో నడిచింది. మీ రాష్ట్రంలో ఎలా ఉందో తెలుసుకోండి. అయినా జెకర్యా చూసిన వీధి కాపలా లేని వీధి కాదు. అక్కడ చేతికర్రలతో పెద్దలు కూర్చుని ఉన్నారు. వాళ్లు ఆటను నడిపించడం లేదు, ఆటకు తోడుగా ఉన్నారు. మనం పోగొట్టుకున్నది ఆ తోడునే.

మూడవది నాలాంటివారి శోధన. ఆట మంచిదని తెలియగానే దానికీ కోచ్‌ని పెట్టి, సర్టిఫికెట్ తెచ్చి, కాలేజీ దరఖాస్తులో రాయాలనిపిస్తుంది. దావీదు జనసంఖ్య కథ గుర్తుచేసుకోండి. లెక్కించడం పాపం కాదు, మోషేతో జనాన్ని లెక్కించమన్నది దేవుడే. దావీదు లెక్క మాత్రం అతని గొప్ప కోసం జరిగింది. మన పిల్లల విషయంలో మనం ఎవరి గొప్ప కోసం లెక్కిస్తున్నాం?

6. ఏం చేద్దాం?

బోస్టన్ నార్త్ ఎండ్ అనే వలసదారుల పేటలో, పార్మెంటర్ వీధిలోని ఒక ప్రార్థనా మందిరం ఆవరణలో 1885లో ఒక ఇసుక కుప్ప పోశారు. పేద పిల్లలు ఆడుకోవడానికి చోటు లేదని, బెర్లిన్‌లో ఇలాంటివి చూసిన మేరీ జక్జెవ్‌స్కా అనే వైద్యురాలి సలహాతో కొందరు స్త్రీలు చేసిన పని అది. అమెరికాలో ఆటస్థలాల ఉద్యమం ఆ కుప్పతోనే మొదలైందని చరిత్రకారులు చెబుతారు. ఒక మందిరం, కాస్త స్థలం, కొంత ఇసుక. అంతకన్నా మన దగ్గర తక్కువేమీ లేదు.

మా సహవాసం అద్దె మందిరంలో మధ్యాహ్నం కూడుతుంది. ఆరాధన అయ్యాక పెద్దలు భోజనం దగ్గర మాట్లాడుకుంటుంటే పిల్లలు అల్లరి చేయకుండా చేతికి ఫోన్లిచ్చి కూర్చోబెట్టేవాళ్లం. శిష్యులు చిన్నబిడ్డలను అడ్డగించినప్పుడు యేసు కోపపడ్డాడని మార్కు 10:14 చెబుతోంది. మేమూ అడ్డగించాం, కాకపోతే కొంచెం మర్యాదగా. ఇప్పుడు ముప్పావుగంట వెనక ఉన్న పచ్చికలో వదిలేస్తున్నాం. నాలుగు కుర్చీలు వేసి తాతయ్యలను, అమ్మమ్మలను, నానమ్మలను కూర్చోబెడుతున్నాం. మొదటి వారం పిల్లలు నిలబడి, "అంకుల్, ఇప్పుడు మేం ఏం చెయ్యాలి?" అని అడిగారు. ఆ ప్రశ్నకు మాకు సిగ్గేసింది. మూడోవారానికి ఎవరూ అడగలేదు. మోకాళ్లు గీసుకున్నారు, బట్టలు మట్టి చేసుకున్నారు. ఒక పెద్దాయన, రెండేళ్లుగా నమస్కారం తప్ప ఇంకో మాట మాట్లాడనివాడు, కోతికొమ్మచ్చిలో తాను చెట్టు మీదనుంచి పడిన కథ చెబుతుంటే పిల్లలు చుట్టూ మూగారు.

మీరూ ప్రయత్నించండి. నాలాంటి కొలిచేవారి కోసం నాలుగు లెక్కలు చెబుతాను. నెలకోసారి చూసుకోండి, ఎవరికీ నివేదిక పంపనక్కర్లేదు.

ఈ వారం మీ పిల్లలు ఏ పెద్దవారూ నడిపించకుండా ఎన్ని గంటలు ఆడుకున్నారు? ఆ ఆటలో వేర్వేరు వయసుల పిల్లలు ఎంతమంది కలిశారు? మీ ఇంట్లోని, మీ సహవాసంలోని వృద్ధులు ఎన్ని సాయంత్రాలు నలుగురి మధ్య కూర్చున్నారు? మీ వీధిలో ఎంతమంది పేర్లు మీకు తెలుసు?

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవారు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు వంతులవారీగా కింద కూర్చోవచ్చు. ఒక క్లాసు మానిపించాల్సివస్తే ఏది మానాలో పిల్లలనే అడగండి. మావాడు స్పెల్లింగ్ బీ వద్దన్నాడు. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అది కూడా మీతో చెప్పాలి కదా.

ఆ శేషజనానికి ఇది నమ్మశక్యంగా తోచలేదని దేవునికి తెలుసు. అందుకే 6వ వచనంలో, మీకు ఆశ్చర్యమైతే నాకూ ఆశ్చర్యమవుతుందా అన్న భావంతో ఆయన అడుగుతున్నాడు. కూలిన గోడల మధ్య నిలబడినవారికే ఆయన ఆ వీధిని వాగ్దానం చేశాడు. మన వీధి ఆయనకు అసాధ్యమా?

మా అమ్మ నవంబరులో తిరిగి ఊరికి వెళ్లిపోయింది. మడతకుర్చీ డ్రైవ్‌వే చివరనే ఉంది. వెళ్లిన మొదటి సాయంత్రం పక్కింటి అబ్బాయి బంతి పట్టుకుని వచ్చి, ఖాళీ కుర్చీ చూసి, నా వైపు చూశాడు. లాప్‌టాప్ లోపల పెట్టి వచ్చి కూర్చున్నాను. ఫ్రిజ్ మీద ఆ షీట్ ఇంకా ఉంది. ఖాళీగా వదిలిన గళ్లు కొన్ని ఉన్నాయి. వాటికి రంగు వేయలేదు.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, నీవు మాకిచ్చిన బిడ్డలను మా భయాలతో, మా ఆశలతో కొలిచినందుకు మమ్మల్ని క్షమించు. మా వృద్ధులను కిటికీల వెనక వదిలేసినందుకు క్షమించు. మేము నివసించే ఈ పరదేశపు వీధుల్లో నీ వాగ్దానాన్ని మా కళ్లతో చూసే కృప దయచేయి. ఆ వీధిలో కూర్చునే ఓపిక మాకివ్వు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.